ప్లాను గీసే ముందు మే నెలలో, మధ్యాహ్నం మూడింటికి రండి

వరంగల్, హనుమకొండ, కాజీపేట చుట్టుపక్కల ఇళ్లకు ప్లాన్లు గీసే ఇంజినీరు సార్లకు,

నమస్తే. నేను ఇంజినీరును కాదు. కరెంటు డిపార్ట్‌మెంటులో హెల్పరుగా చేరి, లైన్ ఇన్‌స్పెక్టరుగా రిటైరైనవాణ్ని. మీరు గీసిన ఇళ్లకు సర్వీసు వైరు లాగింది మా బోటివాళ్లమే. గృహప్రవేశం భోజనాలయ్యాక మీకు ఆ ఇంటితో పని తీరిపోతుంది. మాకు అప్పుడే మొదలయ్యేది.

ఎండాకాలంలో ఫ్యూజులు ఎక్కువగా ఎప్పుడు పోతాయో చెప్పండి చూద్దాం. మధ్యాహ్నం రెండింటికి అంటారు ఎవరైనా. మాకు కాలనీల నుంచి ఫోన్లు మోగేది రాత్రి పది, పదకొండు నడుమ. బయట కాస్త గాలి తిరిగి, అరుగుల మీద కూర్చున్నవాళ్లు హమ్మయ్య అనుకునే వేళకు ట్రాన్స్‌ఫార్మరు మూలగడం మొదలుపెట్టేది. చాలా ఏళ్లు నాకిది అంతుపట్టలేదు. ఓ రాత్రి ఒకరింట్లో మెయిన్ స్విచ్ చూస్తూ పడమటి గోడకు చెయ్యి ఆనించాను. అప్పుడే ఇస్త్రీ చేసిన చొక్కాలా వెచ్చగా ఉంది. టైము పదింబావు. తొమ్మిదంగుళాల ఇటుక గోడ బయట తాగిన ఎండ లోపలికి రావడానికి ఆరేడు గంటలు పడుతుందని తర్వాత తెలుసుకున్నాను. అంటే మూడింటి ఎండ సరిగ్గా మనిషి మంచమెక్కే వేళకు గదిలోకి దిగుతుంది. పైనున్న స్లాబు సంగతి చెప్పనే అక్కర్లేదు, పొద్దంతా తాగింది అర్ధరాత్రి దాకా కక్కుతూనే ఉంటుంది. ఏసీ పాపం ఆ గోడతో, ఆ స్లాబుతో కొట్లాడుతూ ఉంటుంది. ఆ కొట్లాటకు మా ఫ్యూజు పోయేది.

మేమూ అలాంటి ఇంట్లోనే ఉన్నాం, కాజీపేటలో, మొదటి అంతస్తు అద్దెకు. కోవిడ్ టైములో కొన్న నుదుటి థర్మామీటరును ఒక మే నెల రాత్రి మంచం మీద నిలబడి స్లాబుకు గురిపెట్టాను. అంకె రాలేదు. 'హై' అని మాత్రం వచ్చింది. మనిషికైతే దవాఖానకు తీసుకుపోవాల్సినంత జ్వరం అది.

రిటైరయ్యాక ధర్మసాగర్ వైపు, ఇనుపరాతి గుట్టలు దూరంగా కనపడే చోట ఒక ప్లాటు తీసుకున్నాం. 267 గజాలు. చిన్న గుట్ట పాదం కింద వాలు నేల. పడమర నుంచి తూర్పుకు ఐదడుగుల పల్లం. నైరుతిలో రెండు ఏనుగులు పక్కపక్కన కూర్చున్నంత బండ. దక్షిణాన ఒక వేప, ఒక కానుగ, నాలుగు సీతాఫలం చెట్లు. నచ్చి కొన్నది వాటిని చూసే.

మీలో ఒకరి దగ్గరికి వెళ్లాం. పేరు చెప్పను, మంచి మనిషి, మర్యాదగా మాట్లాడాడు, చాయ్ తాగించాడు. ప్లాటు కొలతలు, రోడ్డు ఏ దిక్కున ఉందో అడిగాడు. మూడు రోజుల్లో ప్లాను వాట్సాప్‌లో వచ్చింది. అందులో బండ లేదు. చెట్లు లేవు. ఐదడుగుల వాలు లేదు. తెల్ల కాగితం మీద నాలుగు గీతల డబ్బా. మాస్టర్ బెడ్‌రూమ్ నైరుతిలో, పడమటి గోడకు ఆరడుగుల అద్దాల కిటికీ. అడిగితే, "జేసీబీ పెట్టి లెవెల్ చేయించండి, బండకు కంప్రెషర్ పెడితే రెండు రోజుల పని, ఆ తర్వాత ఫోన్ చేయండి" అన్నాడు. ఆ ప్లానులో అట్టడుగున పక్క కాలనీలో ఎవరిదో ప్లాటు నంబరు చెరపడం మరిచిపోయాడు. ఆ ఇల్లే కాస్త జరిపి మాకిచ్చాడన్నమాట.

ఆయన్ను తిట్టడానికి ఇది రాయడం లేదు. ఒక ప్లానుకు మీకు ముట్టేది ఎంతో నాకు తెలుసు. అందులో రెండుసార్లు సైటుకు వచ్చి చూడమనడం అన్యాయమే. ఆ డబ్బు అడగండి. రెండున్నర లక్షలు పెట్టి ఇంటి ముందు వైపు ఎలివేషన్ హంగులు చేయించుకునేవాడు మీరు సైటుకు వచ్చినందుకు రెండు వేలు ఇవ్వలేడా?

బండను చివరికి కాపాడింది ఎవరో తెలుసా? వాస్తు చూడటానికి వచ్చిన పంతులుగారు. "నైరుతిలో ఇంత బరువు దేవుడే పెట్టాడు, దీన్ని ఎవడు తీయమన్నాడయ్యా?" అన్నాడు. మా ఆవిడ ఆ మాట పట్టుకుంది. ఇంక నేను వాదించే పనే పడలేదు. వాస్తు మీద నాకు పెద్ద నమ్మకం లేదు గానీ ఆ రోజు ఆయనకు దక్షిణ రెట్టింపు ఇచ్చాను.

ఆ మే నెలలో నేను చేసిన పని ఒక్కటే. వారం రోజులు పొద్దున, మిట్టమధ్యాహ్నం, మూడింటికి, ఐదింటికి ప్లాటుకు వెళ్లి ముగ్గుపిండితో నీడలు గీశాను. చూసినవాళ్లు ఏదో క్షుద్రపూజ అనుకున్నారు. మూడింటికి బండ నీడ పన్నెండు అడుగుల దూరం పడింది, ఐదింటికి ప్లాటులో సగం దాకా పాకింది. పడమటి గది ఎక్కడ ఉండాలో ఆ ముగ్గే చెప్పింది. కొత్తగా గోడ కట్టక్కర్లేదు, పైసా ఖర్చు లేదు, ఇల్లును ఆ బండ చాటుకు జరిపితే చాలు.

ఎండ సంగతి మీకు నేను చెప్పడం హనుమంతుని ముందు కుప్పిగంతులే. అయినా స్తంభాలెక్కేవాడికి కనపడేది ఒకటి ఉంది. మన వరంగల్ 18 డిగ్రీల అక్షాంశం దగ్గర ఉంది. మే రెండో వారంలో ఒక రోజు, పన్నెండు దాటిన కొద్ది నిమిషాలకు స్తంభానికి నీడ ఉండదు. సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. అక్కణ్నుంచి జూలై ఆఖరు దాకా మిట్టమధ్యాహ్నపు ఎండ కాస్త ఉత్తరం నుంచే వస్తుంది. అంటే మనకు ఎండాకాలంలో ఎక్కువ దెబ్బ తినేది కప్పు, ఆ తర్వాత తూర్పు పడమటి గోడలు. దక్షిణపు గోడకు రెండడుగుల చజ్జా సరిపోతుంది. అదే చజ్జాను పడమట పెడితే మే నెలలో నాలుగున్నరకు అడుగు మేర నీడ ఇస్తుంది, అంతే. కిటికీ మిగతాది మొత్తం ఎండలోనే. అయినా మీ ప్లాన్లలో నాలుగు దిక్కులా ఒకటే చజ్జా. ఒక్కోసారి ఉత్తరం గుర్తు కూడా రోడ్డును బట్టి అందాజాగా పెట్టేస్తారు. మా ప్లానులో అది పదిహేను డిగ్రీలు పక్కకు ఉంది.

రెండో ప్లాను వేరే అమ్మాయి గీసింది. కొత్తగా ప్రాక్టీసు పెట్టింది, మా అబ్బాయి స్నేహితుడి చెల్లెలు. సైటుకు వచ్చి, లెవెల్ ట్యూబు పట్టుకుని మేస్త్రితో పాటు ఎండలో తిరిగింది. వాలును పూడ్చలేదు, రెండు మెట్లుగా వాడుకుంది. వంటిల్లు, పడక అర్రలు, బాత్‌రూములు పై మట్టంలో. హాలు, ముందు సాయబాను రెండున్నర అడుగులు కింద. పడమటి వైపు స్టోరు, బాత్‌రూము, మెట్లు పెట్టింది, అక్కడ రాత్రి ఎవరూ పడుకోరు కదా. పునాది తవ్వినప్పుడు వచ్చిన రాయినే బేస్‌మెంటుకు, పడమటి గోడకు వాడాం. రాయి కొట్టే వడ్డెర అన్న దాని మీద సుత్తె మొన ఆడిస్తుంటే వచ్చిన గరుకు అలాగే ఉంచాం, ప్లాస్టరింగ్ లేదు, పెయింటు లేదు. ఇప్పుడు దూరం నుంచి చూస్తే గుట్ట ఎక్కడ ఆగిందో ఇల్లు ఎక్కడ మొదలైందో తెలియదు. మా బామ్మర్ది వచ్చి, "బావా, ఇల్లు ఎప్పుడు పూర్తయితది?" అన్నాడు. అప్పటికి మేం ఆ ఇంట్లో దిగి నాలుగు నెలలు.

మిగతా గోడలు ఇటుకను నిలువుగా పేర్చి నడుమ ఖాళీ వదిలే కట్టుడు, రాట్ ట్రాప్ అంటారే అది. కేరళలో లారీ బేకర్ అనే ఆర్కిటెక్టు ఎన్నో ఇళ్లు అట్లా కట్టించాడు. ఇటుక దాదాపు పావు వంతు ఆదా, గోడ నడుమ గాలి వేడిని ఆపుతుంది. నాకైతే వేరే సంతోషం. పైపుల కోసం కట్టిన గోడను మళ్లీ గాడి కొట్టే పని తప్పింది. వైరింగ్ మొత్తం ఆ ఖాళీలో నుంచే పోయింది. ముప్పై ఏళ్ల నుంచి ఎన్ని గోడలు పగలగొట్టించామో తలుచుకుంటే సిగ్గేసింది. ఒక్క చిక్కు, ఇటుక అంచులు సరిగ్గా ఉండాలి. మొదటి లోడు వంకరటింకరగా వస్తే వాపస్ పంపాం, పది రోజులు పని ఆగింది.

కప్పు దగ్గర ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే అసలు యుద్ధం అక్కడే.

మా అవ్వ ఉన్న ఇల్లు గూన పెంకల ఇల్లు. మట్టి గోడలు, మూడు అర్రలు, పైన అటుక. మే నెలలో కూడా అటుక కింద గొంగడి పరుచుకుని పడుకునేవాళ్లం. ఆ ఇల్లు ఎందుకు పోయిందంటే చాలామంది సిమెంటు మోజు అంటారు. మోజు కాదు, కోతులు. అడవి తరిగి కోతులు ఊళ్ల మీద పడ్డాక పెంకటింటి వాళ్లకు నిద్ర లేదు. ఒక మంద ఒకసారి దాటితే యాభై పెంకలు. వానకాలం ముందు ఏటా పెంకలు సర్దించి ఇల్లు నేయించాలి, నేసేవాళ్లు దొరకరు. స్లాబు వేసుకున్నవాణ్ని తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. కాబట్టి మళ్లీ పెంకటిల్లు కట్టుకోండి అని నేను చెప్పను. ఆ పెంకలను కోతులకు అందకుండా దాచే దారి ఒకటుంది.

దాన్ని ఫిల్లర్ స్లాబు అంటారు, మీకు తెలుసు, కానీ మీరు గీయరు. స్లాబులో పై భాగం కాంక్రీటు నొక్కుడును మోస్తుంది, కింది భాగంలో లాగుడును ఇనుము మోస్తుంది. ఇనుప కడ్డీల నడుమ, అడుగున ఉన్న కాంక్రీటు చేసే పని పెద్దగా లేదు, ఊరికే బరువు. అక్కడ రెండేసి పెంకలు బోర్లించి పెట్టి పైన కాంక్రీటు పోస్తే సిమెంటు తగ్గుతుంది, పెంకల నడుమ చిక్కుకున్న గాలి వేడిని ఆపుతుంది, కింద నుంచి చూస్తే ఎర్రటి పెంకలు వరుసగా కనపడతాయి. పాత ఇళ్లు కూల్చేచోట బెంగళూరు పెంకలు లెక్కకట్టి కొన్నాం. మా మేస్త్రిది పాలంపేట దగ్గరి ఊరు. మొదట ససేమిరా అన్నాడు. కడ్డీలు ఎక్కడ పోతాయో, పెంకలు ఎక్కడ కూర్చుంటాయో ఆ అమ్మాయి చాక్‌పీసుతో సెంట్రింగ్ మీద గీసి చూపించింది. ఆయన కాసేపు గడ్డం గోక్కుని, "మా రామప్ప గుడి మీద గూడ నీళ్లల్ల తేలే ఇటుకలు పెట్టిండ్రు గద సార్, బరువు తగ్గాలెనని. గట్లనా?" అన్నాడు. అట్లనే అన్నాను. 1213లో గుడి కట్టినవాళ్లు శిఖరానికి తేలిక ఇటుక వెతికారు, మనమేమో ఇంటి నెత్తిన వట్టి బరువు మోపుతున్నాం. ఆ తర్వాత ఆయన దగ్గరుండి పెంకలు నీళ్లలో నానబెట్టించి పెట్టాడు. పొడి పెంక కాంక్రీటులోని నీళ్లు లాగేస్తుందని ఆయనే చెప్పాడు, మాకెవరికీ తట్టలేదు.

పైన సగం భాగం తెల్ల పింగాణీ ముక్కలు, సగం సున్నం. ఏటా ఉగాదికి ముందు నేనే నిచ్చెన వేసుకుని కడిగి, సున్నం కొడతాను. దుమ్ము పట్టిన తెలుపు తెలుపు కాదు. సోలార్ పలకలను స్లాబుకు అంటించకుండా ఏడడుగుల ఎత్తు స్టాండు మీద పెట్టించాను, కింద పడక అర్రల మీద నీడ పడేటట్టు. మూడు కిలోవాట్లకు పీఎం సూర్యఘర్ కింద 78 వేల సబ్సిడీ వస్తుంది. ప్యానెళ్లు పెట్టేవాళ్లు దక్షిణానికి తిప్పడం చూస్తారు గానీ, ఆ నీడ ఏ గది మీద పడాలో మీరు ముందే ప్లానులో గీస్తే ఒకే ఖర్చుకు రెండు పనులు.

ఇది నా సొంత పైత్యం అనుకోకండి. కేంద్రం 2018లో ఇళ్ల కోసం ఎకో నివాస్ సంహిత అని తెచ్చింది. కప్పు గుండా వేడి దిగే లెక్కకు (యూ-వాల్యూ అంటారు, ఎంత తక్కువైతే అంత మంచిది) 1.2 అని హద్దు పెట్టింది. మనం వేసే వట్టి స్లాబు దానికి రెండింతలు మించుతుంది. మన రాష్ట్రం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది, కానీ ఇళ్ల విషయానికొస్తే తప్పనిసరి చేసింది 600 గజాలు, ఆపైన ఉన్నవాటికే. హనుమకొండలో 600 గజాల వాళ్లు ఎందరు? మా 150, 200, 267 గజాల వాళ్లను ఎవరూ అడగరు. 2020 నాటి టీఎస్ బీపాస్ చట్టంతో 500 చదరపు మీటర్ల లోపు ప్లాటుకు, పది మీటర్ల లోపు ఎత్తుకు సొంత ధ్రువీకరణ మీద వెంటనే అనుమతి అన్నారు. మంచిదే, ఆఫీసుల చుట్టూ తిరగడం తగ్గింది. కానీ దాని అర్థమేమిటి? ఇల్లు లేచే ముందు ఆ నేలను చూసే చదువుకున్న మనిషి మీరొక్కరే. మీరు చూడకపోతే ఇక ఎవరూ చూడరు. నేను ఏ ఆఫీసరుకూ రాయకుండా మీకు రాయడానికి కారణం ఇదే.

నీళ్ల మాట కూడా. 2023 జూలైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. ఆ వారం వరంగల్ కాలనీల్లో నడుం లోతు నీళ్లలో లైన్లు ఆపుతూ తిరిగిన మా స్టాఫును అడగండి, నీళ్లు ఎటు పోవాలనుకున్నాయో వేలు పెట్టి చూపిస్తారు. ప్రతి ప్లాటునూ మొరం పోసి లెవెల్ చేసుకుంటూ పోతే గుట్ట మీది నీళ్లు ఎక్కడికి పోతాయి? కాకతీయులు రెండు గుట్టల నడుమ సందు చూసి కట్ట పోసి పాకాల చెరువు చేశారు. అంత పెద్ద ఆలోచన మనకక్కర్లేదు. మా ప్లాటులో దక్షిణపు అంచున ఆరడుగుల వెడల్పున పాత నీటి దారి ఉంటే దాన్ని అలాగే వదిలి, పక్కన రాతి కట్టు వేసి, చివర ఇంకుడు గుంత తవ్వాం. వేప, కానుగ ఆ దారి పక్కనే. కానుగ ఎండలు ముదిరే లోపు కొత్త ఆకు వేసి గొడుగులా అవుతుంది, గాలి దాని కింద నుంచి హాలులోకి వస్తుంది. కొత్త చెట్లు పెట్టమని క్లయింటుకు చెప్పేముందు ఉన్న చెట్టు మొదలు ఎక్కడుందో ప్లానులో చుక్క పెట్టండి. పదేళ్ల నీడను నర్సరీలో అమ్మరు.

ఇక జేబు లెక్క. గృహజ్యోతి కింద 200 యూనిట్ల దాకా బిల్లు లేదు, ఒక్క యూనిట్ దాటినా మొత్తం కట్టాలి. గంటకు ఒక యూనిట్ తాగే ఏసీ రాత్రికి ఎనిమిది గంటలు నడిస్తే నెలకు అదొక్కటే 240. మన దగ్గర ఆ కరెంటులో చాలావరకు రామగుండం, చెల్పూరు లాంటి బొగ్గు కేంద్రాల బాయిలర్ల నుంచే. యూనిట్‌కు అర కిలోకు పైనే బొగ్గు. ఒక్క పడక అర్రకు నెలకు క్వింటాలు దాటిన బొగ్గు కాలుతోందన్నమాట, అది తవ్వేదీ మన భూపాలపల్లి, గోదావరిఖని నేలలోనే. మా ఇంట్లో ఏసీ లేదని గొప్పలు చెప్పను. ఒకటుంది. మనవరాలు వచ్చినప్పుడు, మే నెలలో ఓ పది పన్నెండు రాత్రులు వేస్తాం. గంటన్నరకు గది చల్లబడితే ఆపేస్తే తెల్లారే దాకా నిలుస్తుంది. ఫ్యాను చాలు.

తప్పులూ ఉన్నాయి. రెండు మట్టాల ఇల్లు మా ఆవిడ మోకాళ్లకు పడలేదు, మెట్ల పక్కన వాలు బాట తర్వాత కట్టించాల్సి వచ్చింది, ముందే గీయాల్సింది. రాతి గోడ సందుల్లోకి మొదటి వానకే తేళ్లు వచ్చాయి, సందులన్నీ సున్నం సిమెంటుతో పూడ్చాం, కిటికీలకు సన్న జాలీ కొట్టించాం. బండ రాత్రి తొమ్మిది దాకా వేడి ఊదుతుంది, ఆ వైపు కిటికీ పెట్టకపోవడమే మంచిదైంది. చదరపు అడుగుకు ఖర్చు తగ్గిందా అంటే తగ్గలేదు. ఇటుక, సిమెంటు, లెవెలింగ్‌లో మిగిలింది రాతి కూలీకి పోయింది, సరికి సరి.

చుట్టుపక్కల ఊళ్లలో ఇప్పుడు ఐదు లక్షల సాయంతో ఇందిరమ్మ ఇళ్లు లేస్తున్నాయి. చిన్న ఇళ్లు, ఏసీ కొనలేనివాళ్ల ఇళ్లు. వాటి మీద కూడా వట్టి స్లాబే పడుతోంది. ఆ మేస్త్రీలకు ఫిల్లర్ స్లాబు చూపించడానికి మీలో ఎవరైనా ఒక పూట ఇస్తే, సెంట్రింగ్ మీద చాక్‌పీసు గీతల ఫొటోలన్నీ నా ఫోన్‌లో ఉన్నాయి, పంపిస్తాను. మా మేస్త్రి కూడా వస్తానన్నాడు, ఒకరోజు కూలీ ఇప్పించాలి.

మా ఇల్లు ఎప్పుడైనా చూడొచ్చు. నవంబరులో వచ్చి బాగుంది అంటే నేను ఒప్పుకోను. మేలో, మూడింటికి రండి. సాయబానులో రంజన్లో నీళ్లుంటాయి. టేపు, దిక్సూచి తెచ్చుకోండి. నిచ్చెన నా దగ్గరుంది.

ఇట్లు,
మీ ఇళ్లకు వైరు లాగిన ఒక రిటైర్డ్ లైన్ ఇన్‌స్పెక్టర్
హనుమకొండ జిల్లా